రెండు కాళ్ళ కొలత

ఆ ఆదివారం కూడా భోజనం కాగానే విశ్వనాథం లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. వరసగా ఇది మూడో వారం.

హైమావతి కంచాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పెళ్ళయి పదకొండు వారాలు. నాచారంలో ఈ రెండు గదుల వాటాకి వచ్చి తొమ్మిది. ఈ తొమ్మిది వారాల్లో ఆ ఇంట్లో ఆమెకి ముద్దు రాని వస్తువు లేదు. పొద్దున్నే కిటికీలోంచి సరిగ్గా దిండు మీద పడే ఎండముక్క, గాలి అటు తిరిగినప్పుడు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే బిస్కట్ల వాసన, ఇద్దరూ కలిసి రంగు వేసి చేతులు పాడుచేసుకున్న అలమర. చక్కెర డబ్బా మూత తీసినప్పుడల్లా 'నా ఇల్లు, నా చక్కెర' అనుకుని ఒక్కతే నవ్వుకునేది. అలాంటి ఇంట్లో తనని బయటపెట్టి మూసుకునే తలుపు ఒకటి ఉండడం ఆమెకి మింగుడుపడలేదు.

కంచాలు తొట్టి దగ్గర పెట్టి వచ్చి తలుపుకి చెవి ఆనించింది. మంచం ఒకసారి కిర్రుమంది. ఏదో రేకు డబ్బా మూత తీసిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. సిగరెట్టయితే వాసన రావాలి. ఉత్తరమైతే గడియ ఎందుకు? కవిత్వం కాదు గదా! తన మీద కవిత్వం రాస్తున్న మనిషిని పట్టుకోవాలని కాళ్ళు ఒకచోట నిలవక, పెరట్లోకి వెళ్ళి ఆ కిటికీ వైపు మెడ సాచింది. కిటికీ రెక్కలు కూడా మూసి ఉన్నాయి.

పెరట్లో ఇంటావిడ బాలనర్సమ్మ సొరపాదుకు పందిరి కడుతోంది. ఆ చుట్టుపక్కల ఇళ్ళు కట్టకముందు అక్కడ ఆమెకి మడి ఉండేదట. ఇప్పుడు మిగిలింది ఈ పెరడే.

"ఏంది బిడ్డా, సారు మల్ల గడియ వెట్టుకున్నడా?"

"నిద్రపోతున్నారు పిన్నిగారూ."

"నిద్రకు గడియెందుకు? గడియ వెట్టినంక నువ్వు లోపటుండాలె గని బయటుంటివేంది?" అని బాలనర్సమ్మ పందిరి ఊగేటట్టు నవ్వింది. హైమావతి చెంపలు మండిపోయి లోపలికి పారిపోయింది.

గంటకి తలుపు తెరుచుకుంది. విశ్వనాథం ఏమీ జరగనట్టు టీ అడిగాడు. గ్లాసు అందిస్తూ చూస్తే అతని బనీను మీద బూడిదరంగు దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో తీసి పట్టుకుంది. అతను ఆ పోగుని చూసి, గ్లాసులోకి చూశాడు.

"రేపు కాదు, పై సోమవారమే ఇంటర్వ్యూ కమిటీ. ఈసారి ఫీల్డు పార్టీ నాకు రావాలి హైమా," అన్నాడు.

విశ్వనాథం పనిచేసేది ఉప్పల్ దగ్గర, భూమిలో నీళ్ళు ఎక్కడున్నాయో వెతికే ఒక చిన్న సర్వే ఆఫీసులో. మేకులు పాతి, తీగలు పరిచి, కరెంటు పంపి, నేల లోపల ఏముందో లెక్క కట్టడం. ఆరేళ్ళుగా అతను ఆ తీగలతోపాటు చెర్లపల్లి రాళ్ళ మీదా, ఘట్‌కేసర్ చేల గట్ల మీదా తిరుగుతున్నాడు. అలా తిరిగే పార్టీకి నాయకుడిగా మాత్రం ఎప్పుడూ వేరే ఎవరో వెళ్ళేవారు. సోమవారానికి పదకొండు మందిని పిలిచారు. అందులో ఒకరికి ఆ పోస్టు.

*

గురువారం నాడు హైమావతికి అతన్ని ఆశ్చర్యపరచాలని బుద్ధి పుట్టింది.

సోమవారానికి వేసుకునేది కొత్త ప్యాంటు. బూడిదరంగు టెరికాట్. పెళ్ళిలో ఆమె తండ్రి పెట్టిన బట్ట. చౌరస్తా దగ్గర సిద్దయ్య కుట్టాడు. అది అలమరలో మడతపెట్టి ఉంది. బాలనర్సమ్మ దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి, బల్ల మీద దుప్పటి పరిచి, నీళ్ళు చిలకరించి, ప్యాంటుని మడత మీద మడత వచ్చేటట్టు సర్దింది. అంచులు కలవలేదు. ఎడమకాలు రెండంగుళాలు పొట్టి.

"అయ్యో సిద్దయ్యా!" అంది పైకే.

ఆమెకి కోపం రాలేదు, హుషారొచ్చింది. తణుకులో బి.ఏ. చదువుతూ సాయంత్రాలు టైలరింగ్ నేర్చుకుని లోయర్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసైన మనిషి. ఆ విద్య ఈ ఇంట్లో ఇంతవరకు దిండు గలీబుల దాకానే వచ్చింది. పెట్టెలోంచి టేపు తీసింది. ఏ కాలు తప్పో తేల్చాలి గనక, అలమర అడుగునుంచి అతని పాత ప్యాంటు ఒకటి లాగి, మడతలో పైకి ఉన్న కాలు మీద నడుము పట్టీ నుంచి అంచు దాకా టేపు పెట్టింది. ముప్పై ఎనిమిది. కొత్తదాంట్లో ఎడమది ముప్పై ఎనిమిది, కుడిది నలభై. అంటే తప్పు కుడిదే. రెండో కాలు కొలవాలని ఆమెకి తోచలేదు. ఒక కాలు కొలిస్తే రెండూ కొలిచినట్టేనని టైలరింగ్ టీచరు కనకమహాలక్ష్మి గారు నేర్పిన మాట.

కుడికాలి అంచు విప్పింది. లోపల మడత అంగుళమే ఉంది. దాన్ని అలాగే పైకి మడిస్తే పాదం దగ్గర లావుగా వేలాడుతుంది. అందుకని సబ్బుముక్కతో గీత గీసి, కత్తెర పెట్టి, రెండంగుళాల పట్టీ నాజూగ్గా కోసేసింది. కత్తెర టెరికాట్‌లో సర్రున సాగిపోతుంటే ఒంటికి సుఖంగా ఉంది.

అంచు కుట్టడానికి నమూనా కోసం ఎడమకాలిని తిరగేసి చూసింది. లోపలి కుట్లు చీమల బారులాగా ఉన్నాయి. ఒక్కో కుట్టూ బట్టలో ఒకటి రెండు పోగులనే పట్టుకుని, పైకి చుక్కయినా కనిపించకుండా. ఇంత సన్నటి చెయ్యి సిద్దయ్యకుందా అని విస్తుపోయి, తనూ పోటీగా అలాగే కుట్టింది. మధ్యాహ్నం మిల్లు సైరన్ మోగేదాకా పట్టింది.

ఇస్త్రీపెట్టె తీసుకోవడానికి వచ్చిన బాలనర్సమ్మ కింద పడ్డ పట్టీని చూసింది.

"గా పీలిక నాకియ్యి బిడ్డా. సొరతీగ జారిపోతున్నది. కట్టుకుంట."

"తీసుకోండి పిన్నిగారూ," అంది హైమావతి, రాణీగారు ఊరు దానం చేసినట్టు.

*

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర అడుగులు వినిపించాయి. ఆ అడుగులు హైమావతికి రేడియోలో వార్తలకి ముందొచ్చే సంగీతం లాంటివి. కుడి అడుగు గట్టిగా, ఎడమ అడుగు మెత్తగా, మధ్యలో చిన్న విరామం. ఆ అడుగు వినగానే స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టేది. అతను చెప్పులు విప్పేసరికి అవి మరిగేవి.

"ఏమండీ, కళ్ళు మూసుకోండి. ఆఁ, తెరవండి. ఒకసారి వేసుకుని చూపించండి."

విశ్వనాథం ప్యాంటుని చూసి ముందు నవ్వాడు. లోపలికెళ్ళి వేసుకుని అలమర అద్దం ముందు నిలబడ్డాడు. ఆమె వెనకనుంచి భుజం మీదుగా అద్దంలోకి చూసింది. ముందు అతని ముఖం చూసింది. ఆ తర్వాత కిందికి చూసింది.

ఎడమకాలి అంచు మడమ మీద ఒద్దికగా కూర్చుంది. కుడికాలి అంచు చీలమండ పైన ఆగిపోయింది. చీలమండ ఎముక తెల్లగా, ఎవరో పిలిస్తే తొంగిచూసినట్టు, బయటికి వచ్చి ఉంది.

ఒక్క క్షణం ఆమెకి అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. అతని ఎడమకాలు చిన్నప్పుడు జ్వరంలో చిక్కి పొట్టిదైందని పెళ్ళిచూపుల నాడే తెలుసు. రోజూ చూస్తోంది. రోజూ వింటోంది. కానీ ఆ కాలికీ బట్ట కొలతకీ సంబంధం ఉంటుందని, ఫస్టు క్లాసులో పాసైన తన బుర్రకి తట్టలేదు.

అతను అద్దంలోకి ఒక్కసారే చూశాడు.

"కోసిన ముక్క ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

అతను ప్యాంటు విప్పి, ఎడమకాలి మీద కుడికాలిని సర్ది మడతపెట్టి, లుంగీ కట్టుకుని, వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. తిట్టలేదు. అన్నం తినేటప్పుడు "పప్పు బాగుంది," అన్నాడు. పప్పులో ఆమె ఉప్పు వేయడం మరిచిపోయింది.

*

శనివారం అతను ఆఫీసుకి వెళ్ళగానే హైమావతి ప్యాంటుని సంచిలో పెట్టుకుని చౌరస్తాకి నడిచింది. నడిచిందో పరిగెత్తిందో ఆమెకే తెలియదు. చెరువు గాలికి కొంగు ఎగిరి ముఖాన పడుతుంటే లాగి బొడ్లో దోపుకుంది.

సిద్దయ్య మిషను ఆపకుండానే ప్యాంటుని అందుకుని అంచు తిరగేశాడు.

"ఎవరు గోసిన్రమ్మా?"

"నేనే."

"రెండు కాళ్ళు గొల్వకుండ కత్తెర వెడ్తరా?"

"మీరు సమానంగా కుట్టలేదేమో అనుకున్నాను."

"నేను సమానంగనే కుట్టిన. సారు ఎప్పుడు గట్లనే చెప్తడు. రెండు కాళ్ళు ఒక్క తీరు కుట్టి ఇయ్యి సిద్దయ్యా, కింద అంచు నేను జూస్కుంట అంటడు. నమూనాకని పాత పాయింటు నా ముందట పారేస్తడు, కొలత మాత్రం ఇయ్యడు. ఇంటికాడ ఎవరో కుట్టెటోళ్ళున్నరు అనుకున్న. నువ్వే అనుకుంటి."

గడియ వెనక మూడు ఆదివారాలు ఆమె కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. రేకు డబ్బా మూత. బూడిదరంగు పోగు. చీమల బారు కుట్లు.

"సోమవారానికి సరిచెయ్యగలరా అన్నా?"

"మడత ఇప్పినా ఇంకో అంగుళం తక్కువొస్తది. గదే గుడ్డ ఉంటె అతుకెయ్యొచ్చు. అతుకు కనవడ్తది మల్ల. గుడ్డ లేదంటె..." అని సిద్దయ్య మళ్ళీ తొక్కుడు అందుకున్నాడు. అతని వెనక పెళ్ళివాళ్ళ బట్టలు తాటి ఎత్తున ఉన్నాయి.

ఆమె తిరిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి దూరింది. సొరతీగ పందిరి మీదికి హాయిగా పాకి ఉంది. బాలనర్సమ్మ పట్టీని కుట్టు దగ్గర చింపి రెండు ముక్కలు చేసి రెండు చోట్ల కట్టింది. ఒకటి అందింది. రెండోది పందిరి మీద. హైమావతి నీళ్ళ డ్రమ్ము ఎక్కి ముడి విప్పుతుంటే బాలనర్సమ్మ చేట పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంది బిడ్డా! ఇచ్చిన గుడ్డ మల్ల గుంజుకుంటున్నవా? గింత పిసినారి పిల్లవని తెల్వకపాయె."

"ఇది ఆయన ప్యాంటు పిన్నిగారూ. తప్పు కాలు కోశాను." అనగానే ఆమెకి ఏడుపొచ్చేసింది. డ్రమ్ము మీద నిలబడే ఏడ్చింది.

బాలనర్సమ్మ చేట కింద పెట్టి, ఆమె మోకాళ్ళు పట్టుకుంది పడిపోకుండా.

"దిగు ముందుగాల. తప్పు కాలేంది, తప్పు! గా కాలు గట్లుంటదని తెల్వదా నీకు?"

"తెలుసు. నడకే తెలుసు. ప్యాంటు తెలియదు."

"అగ్గో, గిదేం మాట!" అని బాలనర్సమ్మ నవ్వబోయి ఆపుకుంది. ఆమె ముఖాన్ని తన కొంగుతో తుడిచింది. "నువ్వు ఏడ్సుకుంట ముడి గుంజితె తీగ తెగుతది. జరుగు, నేను ఇప్పుత." డ్రమ్ము ఎక్కకుండానే పందిరి కర్ర వంచి రెండో ముక్క విప్పి ఇచ్చి, దాని బదులు తన పాత చీర అంచు చింపి తీగకి కట్టింది.

రెండు ముక్కల మీదా పచ్చటి మరకలు. ఉతికితే మరకలు పోయాయి. రెండు రోజుల ఎండకి రంగు మాత్రం ఒక వీసమెత్తు తగ్గింది.

*

ఆదివారం భోజనం కాగానే విశ్వనాథం లేచి లోపలికి వెళ్ళాడు. గడియ పడింది.

హైమావతి ఈసారి చెవి ఆనించలేదు. తలుపు కొట్టింది.

"ఒక గంట ఆగు హైమా."

"ఆగను."

"పనుంది."

"ముక్కలు నా దగ్గరున్నాయి. తలుపు తీస్తేనే ఇస్తాను."

లోపల మంచం కిర్రుమంది. గడియ తీసిన చప్పుడు.

మంచం మీద పేపరు పరిచి ఉంది. దాని మీద మూత తీసిన బిస్కట్ల డబ్బా. అందులో సూదులు గుచ్చిన గుడ్డ, మైనపు ముక్క, నాలుగైదు రంగుల దారం ఉండలు, వేలికి తొడిగే ఇత్తడి టోపీ ఒకటి. పక్కన కొత్త ప్యాంటు, మడత విప్పి. ఎడమకాలినుంచి తను కోసిన ముక్క ఎప్పుడో పారేశాడు గనక, ఎక్కడినుంచైనా అంగుళం దొరుకుతుందేమోనని నడుము పట్టీ లోపలి బట్ట కూడా ఊడదీసి చూసినట్టున్నాడు. హైమావతికి ఇంత చక్కటి డబ్బా ఈ ఇంట్లో ఉందని ఇన్నాళ్ళూ తెలియనందుకు ఒకపక్క దుఃఖం, ఒకపక్క ఆ ఇత్తడి టోపీ తన వేలికి పెట్టుకోవాలని ఆశ.

ముక్కలు అతని చేతిలో పెట్టింది. అతను వాటిని వెలుగుకి పట్టి చూశాడు.

"ఎక్కడ దొరికాయి?"

"సొరపాదుకి కట్టి ఉంటే."

అతని మీసం కింద ఏదో కదిలింది. నవ్వు కాదు గానీ, దాని దగ్గరి చుట్టం.

"ఎప్పటినుంచి కుడుతున్నారు?"

"ఇంటర్‌నుంచి." అతను సూదికి దారం ఎక్కించి మైనం మీద లాగాడు. "మా ఊళ్ళో టైలరు కొలతలు తీస్తూ లోపల రాసుకునేవాడికి కేకేశాడు. ఎడమది ఇంత, కుడిది ఇంత, ఆఁ, సరిగ్గానే విన్నావురా, రెండు కొలతలు అని. షాపులో ఉన్నవాళ్ళంతా నా కాళ్ళకేసి తిరిగారు. ఆ తర్వాత కొలతలు ఎవరికీ ఇవ్వలేదు."

"నాకు ఇవ్వొచ్చుగా."

అతను ముక్కల్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. రెండు ముక్కల్ని పక్క కుట్టు దగ్గర ముందు కలిపి, పట్టీని చుట్టూ తిప్పి కాలికి గుండుసూదులతో పట్టించాడు. ఒక్కో సూదీ గుచ్చేముందు బట్ట పోగు ఏ వైపు ఉందో వేలితో తడిమి చూసేవాడు. ఆ తడమడం చూస్తే ఆమెకి నిలవబుద్ధి కాలేదు. మంచం అటువైపు కూర్చుని, ఇటువైపు కూర్చుని, చివరికి నేలమీద అతని మోకాళ్ళ దగ్గర చతికిలబడి పట్టీ రెండో కొస పట్టుకుంది.

"పోయినేడాది కమిటీలో పదిమందిమి వెళ్ళాం," అన్నాడు అతను కుడుతూనే. "అందరినీ రీడింగుల గురించి అడిగారు. నన్ను కూడా అడిగారు. చెప్పాను. లేవబోతుంటే ఒకాయన, ఏదీ, అలా గోడదాకా నాలుగడుగులు వేసి రండి అన్నాడు."

హైమావతి చేతిలోని కొస జారిపోయింది.

"వేశారా?"

"వేశాను. గోడదాకా వెళ్ళి వచ్చాను. థాంక్స్ అన్నారు. మిగతా తొమ్మిదిమందిలో ఎవరినీ నడవమనలేదు. బయటికొచ్చాక అడిగి తెలుసుకున్నాను." కుట్టు లాగి దారం తెగిందేమో చూశాడు. "వంపు ఎక్కడా లేకుండా రెండు అంచులూ బూట్ల మీద సమానంగా కూర్చుంటే, నిలబడినప్పుడు తెలియదు. కూర్చుంటే అసలు తెలియదు. నాలుగడుగులు వెయ్యమనాలని ఎవరికీ తోచదేమో అనుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది ఆ ఎడమ అంచు."

మూడు ఆదివారాల ఆ పనిని తను రెండు గంటల్లో ఎలా పాడుచేసిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. క్షమించమని అడగబోయి, మానేసి, ఇంకో సూదికి దారం ఎక్కించుకుని అవతలివైపునుంచి కుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరి కుట్లూ కాలి లోపలివైపు కుట్టు దగ్గర కలుసుకోవాలి. బయట ఎవరింట్లోనో టీవీ పెట్టారు. బొమ్మ సరిగ్గా రావడం లేదని, టీవీ స్టేషనున్న రామంతాపూర్ పక్కనే ఉండి ఇదేం ఖర్మరా అని ఒకాయన డాబా మీద ఏరియల్ తిప్పుతూ అరుస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వుకుని, ఒకేసారి ఆపుకున్నారు.

"మీ అడుగు నాకు గేటు దగ్గరే తెలుస్తుంది. తెలుసా?"

అతను సూది ఆపాడు. "అంత గట్టిగా వినిపిస్తుందా?"

"వినిపించకపోతే ఎలా? దాన్నిబట్టే టీ నీళ్ళు పెడతాను. మీరొచ్చేసరికి మరుగుతాయి. ఎప్పుడైనా గమనించారా, మీరు ఏనాడూ టీ కోసం ఎదురుచూడలేదు."

అతను గమనించలేదు. ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి మళ్ళీ తల వంచుకుని కుట్టాడు. చెవుల వెనక ఎర్రబడింది.

పొద్దు వాలేసరికి పని అయింది. మడత తీసి, అరంగుళం అంచు మడిచి, ఇస్త్రీ చేసి తలుపుకి వేలాడదీశారు. నలభై. సరిగ్గా నలభై. కానీ అడుగునుంచి అంగుళం పైన గీత కనబడుతోంది. గీత కింది బట్ట ఒక వీసం వెలిసి ఉంది. దూరంగా వెళ్ళి చూశారు. కనబడింది. కళ్ళు చికిలించి చూశారు. కనబడింది.

"ఎడమకాలికి కూడా అలాంటి గీత ఒకటి కుట్టేద్దాం," అంది హైమావతి. "ఫ్యాషన్ అనుకుంటారు."

శుక్రవారంనుంచి మొదటిసారి అతను పైకి నవ్వాడు. "చిరగని చోట అతుకేమిటే పిచ్చిదానా. అది బాగానే ఉందిగా. ఉండనీ."

*

సోమవారం అతను ఎనిమిదిన్నరకే బయలుదేరాడు. గేటు దాకా వెళ్ళి సాగనంపింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె కళ్ళు ఆ గీత మీదే ఉన్నాయి. ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు, ఆ గీత ఒక్కటే నాచారం రోడ్డు మీద నడిచిపోతున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత ఏ పనీ సాగలేదు. బియ్యం రెండుసార్లు కడిగింది. ఉతికిన గుడ్డల్నే ఉతికింది. పెరట్లోకి వెళ్ళింది, వాకిట్లోకి వెళ్ళింది. పన్నెండైంది. ఇప్పుడు పిలిచి ఉంటారు. ఇప్పుడు లేవమని ఉంటారు. గోడ ఎంత దూరం ఉంటుందో ఆ గదిలో!

చివరికి గదిలోకి వెళ్ళి బిస్కట్ల డబ్బా తెచ్చుకుని, అలమర అడుగునున్న పాత ప్యాంట్లు మూడూ కింద పరుచుకుంది. ఫీల్డుకి వేసుకునేవి. గురువారం కొలిచినది వాటిలో ఒకటి. ఇప్పుడు లోపలివైపు తిరగేసి చూసింది. మోకాళ్ళకి వెనకనుంచి మాసికలు. కూర్చునేచోట అరిగిన బట్టకి పోగు పోగు అల్లిన రఫూ. ముళ్ళకంచెకి చిరిగిన చోట వంకర గీత, దాన్ని అనుసరిస్తూ వంకర కుట్లు. ఒక మాసిక మీద ఇంకో మాసిక. ఆరేళ్ళు ఏ చేలల్లో, ఏ రాళ్ళ మీద వంగి కూర్చున్నాడో అన్నీ ఆ లోపలివైపు రాసి ఉన్నాయి. నడవగలడో లేడో తెలుసుకోవాలంటే గోడదాకా పంపించడం ఎందుకు, ఈ మూడు ప్యాంట్లూ తిరగేసి చూస్తే సరిపోయేది గదా అనుకుంది.

ఒకదానికి ఎడమకాలి అంచు ఊడి వేలాడుతోంది. టేపు తీసింది. ఈసారి రెండు కాళ్ళూ కొలవబోయింది. కుడిది కూడా ఎప్పుడో చిరిగి మడత పైకి పోయింది. ఏది ఎంత ఉండాలో ఆ గుడ్డ చెప్పలేదు. కొత్తదాని కొలతలు తెలుసు గానీ, అడక్కుండా ఇంకోసారి పెట్టదలచుకోలేదు. సూది గుచ్చి పక్కన పెట్టింది.

మిల్లు సైరన్ మోగింది. నాలుగైంది. ఐదవుతోంది.

గేటు దగ్గర అడుగు. గట్టిగా ఒకటి. మెత్తగా ఒకటి. ఆమె స్టవ్ వైపు వెళ్ళబోయి, ఆగి, వాకిలివైపు పరిగెత్తింది. ఇవాళ టీ నీళ్ళు మరగలేదు.

విశ్వనాథం లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"నడవమన్నారా?"

"అన్నారు. పోయినేడాది ఆయనే. కాగితాలు సర్దుతూ, ఏదీ, అలా ఒకసారి గోడదాకా అన్నాడు."

"మరి?"

"లేచాను. అలవాటుగా కిందికి చూసుకున్నాను. అతుకు కనిపించింది." అతను సాక్సు లాగి బూటులో కుక్కాడు. "ఎలాగూ అతుకు కనిపిస్తోంది గదా, ఇంకా దాచడానికేముంది అనిపించింది. బయట పదిమంది కూర్చున్నారండి, వాళ్ళని కూడా పిలవండి, అందరం కలిసి నడుస్తాం అన్నాను."

హైమావతి అరచేత్తో నోరు మూసుకుంది.

"ఏమన్నారు?"

"మధ్యనున్న పెద్దాయన నడవమన్నాయనవైపు చూశాడు. ఆయన కాగితాలవైపు చూశాడు. కాసేపటికి పెద్దాయన, కూర్చోండి, చెర్లపల్లి దగ్గర రాయి ఎంత లోతులో తగిలింది అని అడిగాడు. అరగంట చెప్పాను."

"అయితే వస్తుందా?"

"ఏమో. రెండు నెలలు పడుతుంది ఆర్డరు రావడానికి. రాకపోవచ్చు కూడా. అలా మాట్లాడినవాణ్ణి పెట్టుకుంటారో లేదో." అతను ఆ మాట ఇస్త్రీ చీర గురించి చెప్పినంత తేలిగ్గా అన్నాడు. లోపలికి తొంగి చూసి, పరిచి ఉన్న పాత ప్యాంట్లనీ డబ్బానీ చూశాడు. ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ తర్వాత చెయ్యి చాచాడు.

"ఆ డబ్బా ఇటు తే. ఇక్కడ వెలుతురు బాగుంది."

ఆమె డబ్బా తెచ్చి ఇచ్చింది. అతను ఇత్తడి టోపీ తీసి ముందు ఆమె వేలికి తొడిగి, వదులుగా ఉందని చూసి, తన వేలికి పెట్టుకున్నాడు. అరుగు మీద, వీధిలో వచ్చేపోయేవాళ్ళకి ఎదురుగా, మోకాలు చిరిగిన ప్యాంటు ఒళ్ళో వేసుకున్నాడు. మిల్లు నుంచి షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద పోతున్నారు. పెరట్లోంచి చేట పట్టుకుని వచ్చిన బాలనర్సమ్మ ఆగిపోయింది.

"ఏంది సారూ, సూది నువ్వు వట్టినవ్? మరి పెండ్లామెందుకు?"

"కొలతలు తీయడానికి నర్సమ్మా."

హైమావతి లోపలికెళ్ళి అంచు ఊడిన ప్యాంటు, టేపు తీసుకుంది. గుమ్మం లోపలే నేలమీద కూర్చుని సబ్బుముక్క పట్టుకుంది.

"ఎంత పెట్టమంటారండీ?" అని కేకేసింది.

బయట సూది ఆగింది. వీధిలో ఒక సైకిలు గంట కొట్టుకుంటూ పోయింది. బాలనర్సమ్మ ఇంకా అక్కడే ఉంది.

"ఎడమది ముప్పై ఎనిమిది," అన్నాడు విశ్వనాథం, పక్కింటివాళ్ళకి కూడా వినిపించేటంత గట్టిగా. "కుడిది నలభై."